బురుల్ ఎజే చేతి బరువు

మా బురుల్ ఎజే కొండని చెంపదెబ్బ కొట్టింది. ఒక్కటంటే ఒక్కటే. ఆ దెబ్బకి కోక్‌బేల్ కనుమ మీది ఎడమ వాలు వాలంతా జారి, రోడ్డు దాటి, వాగు దాటి, అవతలి గట్టెక్కి కూర్చుంది. అప్పట్నుంచి ఆమె కనబడితే చాలు ఆ కొండ చెంప తడుముకుంటుంది. నమ్మకపోతే మీ ఇష్టం. నేను అక్కడే ఉన్నాను. రెండు కళ్లతో చూశాను, మూడోది ఉంటే దాంతోనూ చూసేవాణ్ణి.

ఎజే అంటే మా దగ్గర అక్క. ఆమెకి యాభై ఆరేళ్లు. అందులో ముప్ఫై ఒక్క చలికాలాలు కనుమ మీది మంచు కేంద్రంలోనే గడిచాయి. దక్షిణం నుంచి రాజధాని బిష్కెక్ పోయే ప్రతి లారీ ఆమె గేటు కింద నుంచే పోవాలి. రోజూ పొద్దున్నే ఎంత మంచు పడిందో కొలవడం, గొయ్యి తవ్వి లోపలి పొరలు చూడడం, గేటు ఎత్తాలో దించాలో చెప్పి సంతకం పెట్టడం ఆమె పని. ఆమెకంటే పదేళ్లు పెద్ద డ్రైవర్లు కూడా గేటు దగ్గర "ఎజే, ఎజే" అంటూ చేతులు నలుపుకుంటారు. గేటు లేవదని తెలిశాక లారీ ఎక్కి తలుపేసుకుని అనే మాటలు వేరు. అవి ఇక్కడ రాయను, పిల్లలు చదువుతారు.

నేను ఆ రోడ్డు మీద మంచు తోసే బండి నడుపుతాను. పేరు తాలాయ్. కాలేజీ రెండో ఏడు మధ్యలో మానేశాను. మానకపోయుంటే ఈపాటికి మంత్రినయ్యేవాణ్ణి, ఆ నష్టం దేశానికి జరిగిపోయింది. చలికాలమంతా నా తిండి ఎజే వంటగదిలోనే.

ఈ ఏడు ఫిబ్రవరిలో పైనుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. గేటు మీద సంతకం పెట్టే ప్రతివాళ్లూ మూడేళ్లకోసారి ఐదు రోజులు మళ్లీ చదువుకోవాలి, పరీక్ష ప్యాసవ్వాలి. అంతకుముందూ ఇలాంటి చదువులు ఉండేవి కానీ అన్నీ కాగితం మీదే. ఈసారి మంచులో చేసి చూపించాలి. ప్యాసవకపోతే కింది ఊళ్లోంచి పంపే ఇంకొకరికి గేటు తాళం ఇవ్వాలి. ఎజే అక్కడే ఉండొచ్చు, థర్మామీటర్ చూసి అంకె రాసుకోవచ్చు.

ఉత్తర్వు చదివి ఎజే దాన్ని మడిచి టీ కెటిల్ కింద పెట్టింది.

"థర్మామీటర్ చూడ్డానికి మేక చాలు" అంది. "తాళం నాది. చదువుతాను."

"ఎజే, ఈ వయసులో..." అన్నాను.

"నువ్వు చదివే వయసులోనే చదవలేదుగా. నోరు మూసుకుని రొట్టె తిను."

చదువు మా కేంద్రంలోనే పెట్టారు. పదకొండు మందిమి. స్కీయింగ్ కొండల దగ్గర మనుషుల్ని కాపాడేవాళ్లు, గని రోడ్ల వాళ్లు, మా రోడ్డు వాళ్లు. నన్నూ పంపారు, ఎలాగూ అక్కడే తింటున్నానని. చెప్పడానికి వచ్చింది చొల్పోన్ అనే అమ్మాయి. ముప్ఫై ఏళ్లుంటాయి, సన్నగా గొంతు తగ్గించి మాట్లాడుతుంది. ఆమె సంచిలో మంచు పారలతో పాటు ఒళ్లు బరువు చూసుకునే మిషన్ కూడా ఉంది. అది చూసి నేను, "ఎజే, నీ సూప్ తిని ఎవడెంత లావయ్యాడో చూస్తారట" అన్నాను. ఆ మిషనే ఎజే కొంప ముంచుతుందని నాకేం తెలుసు.

రెండో రోజు దాన్ని బల్ల మీద పెట్టింది చొల్పోన్. ఎందుకంటే మంచుని తట్టి చూసే పరీక్ష ఒకటుంది. గొయ్యి గోడలో జానెడు కన్నా కాస్త వెడల్పుగా మంచు స్తంభం ఒకటి కోస్తాం. దాని నెత్తిన పార ఆనించి, పార మీద అరచేత్తో తడతాం. మొదటి పది దెబ్బలూ మణికట్టు నుంచి, తర్వాతి పది మోచేయి నుంచి, ఆఖరి పది భుజం నుంచి. ఎన్నో దెబ్బకి లోపలి పొర విరిగిందో ఆ అంకె రాసుకుంటాం. అంకె చిన్నదైతే పిల్లి తుమ్మినా కొండ కూలుతుందని, పెద్దదైతే కాస్త గట్టిగా ఉందని అర్థం. చెయ్యి మాత్రం దాని బరువుకి అది పడాలి, మనం కొట్టకూడదు. ఆ బరువు చూడ్డానికే మిషన్.

ఒక్కొక్కరం మణికట్టుతో, మోచేత్తో, భుజంతో మిషన్ మీద తట్టాం. ముల్లు ఎంతదాకా పోయిందో చొల్పోన్ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టింది. దేనికది, అందరి గుర్తులూ అటూ ఇటూగా ఒకేచోట పడ్డాయి. ఎజే వంతు వచ్చింది. మణికట్టుతో తట్టింది. ముల్లు మేమంతా మోచేత్తో తట్టినప్పటి గుర్తు దాటిపోయింది. మళ్లీ తట్టమన్నారు. మళ్లీ అంతే. మోచేత్తో తడితే మిషన్ బల్ల మీద ఎగిరింది.

పొట్ట పట్టుకుని నవ్వాం. గని వాడొకడు "ఎజే, మీ ఆయన బతికే ఉన్నాడా?" అన్నాడు.

ఎజే కూడా నవ్వింది. వేసవిలో మేతభూములకి వెళ్లినప్పుడు ఆడవాళ్లు ఉన్నితో పరుపులు చేస్తారు. తడి ఉన్నిని చాపలో చుట్టి, మోకాళ్ల మీద కూర్చుని, మోచేతులతో గంటల తరబడి నొక్కి దొర్లిస్తారు. మా లోయలో ఆ పనికి ఎజే తర్వాతే ఎవరైనా. ఆమె ముంజేతులు నా పిక్కలంత ఉంటాయి. నా పిక్కలు తక్కువేం కాదు.

చొల్పోన్ మాత్రం నవ్వలేదు.

"ఎజే, ఈ పరీక్ష మీరు ఎప్పట్నుంచి చేస్తున్నారు?"

"పన్నెండేళ్లు. అప్పుడొకాయన వచ్చి నేర్పాడు. ఆయన దగ్గర మిషన్ లేదు."

"అయితే... మీ చేతికి మంచు పొర ముందే విరిగిపోయి ఉంటుంది. మీరు పన్నెండు అని రాసిన చోట నిజానికి ఇరవై ఉండొచ్చు."

ఎజే నవ్వు ఆగిపోయింది. "అంటే నేను ఊరికే మూశానా రోడ్డు?"

"కొన్ని రోజులు అయ్యుండొచ్చు. ప్రమాదం మాత్రం లేదు, మీ తప్పు భద్రత వైపే..."

"ఎన్ని రోజులు?"

"అది ఇప్పుడు చెప్పలేం ఎజే."

ఎజే చేతులు ఒళ్లో పెట్టుకుని, ఎవరివో చూస్తున్నట్టు చూసుకుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి, దాచి లాభం లేదు. ఆ సాయంత్రం కింది మలుపు టీకొట్టులో డ్రైవర్లు కూర్చుని ఉన్నారు. నా నోటికి ముందునుంచీ గేటు లేదు. ఎజే చెయ్యి తగిలి మిషన్ పగిలిందన్నాను, ముల్లు ఎగిరి గోడలో గుచ్చుకుందన్నాను, చొల్పోన్ బల్ల కింద దాక్కుందన్నాను. అంతా నవ్వారు. ఉల్లిపాయల లారీ కాచ్‌కిన్ బైకే మాత్రం (బైకే అంటే మా దగ్గర అన్న) గ్లాసు కింద పెట్టాడు.

"అంటే పన్నెండేళ్లుగా మనం ఇక్కడ పడిగాపులు పడింది కొండ వల్ల కాదన్నమాట. ఆవిడ మోచెయ్యి వల్ల!"

నవ్వు ఠక్కున ఆగింది. నేను "అబ్బే, అలా కాదు బైకే" అన్నాను. ఎవరు వింటారు? నేను చెప్పే అబద్ధాలు ఎవరూ నమ్మరు. ఆ రోజు చెప్పిన దాంట్లో ఉన్న ఒక్క నిజాన్నే పట్టుకున్నారు.

మూడో రోజు నా చదువు ముగిసింది. మంచులో కూరుకున్న మనిషిని వెతికే డబ్బా ఒకటి ప్రతివాడి మెడలో ఉంటుంది. మామూలుగా అది కూత పంపుతుంది. వెతికేటప్పుడు అందరూ దాన్ని వినడానికి మార్చుకోవాలి. నేను మార్చుకోలేదు. పదిమందీ పరుగున వచ్చి నన్నే చుట్టుముట్టారు. ఒకడైతే నా కాళ్ల దగ్గర తవ్వడం కూడా మొదలెట్టాడు. "తాలాయ్ బైకే, మీరు దొరికారు, ఇక ఇంటికెళ్లొచ్చు" అంది చొల్పోన్. వెళ్లలేదు, వంటగదికి వెళ్లాను.

సాయంత్రం చదువు అయ్యాక ఎజే కూడా అక్కడికే వచ్చింది. మిషన్ అడిగి తెచ్చుకుని బల్ల మీద పెట్టుకుంది. తడుతోంది, ముల్లు చూస్తోంది, తల అడ్డంగా ఊపుతోంది. ఆ సాయంత్రం ఎన్నిసార్లు తట్టిందో నేను లెక్కపెట్టాను. నాలుగు వేలు. పోనీ నాలుగొందలు. అన్నిట్లోనూ ముల్లు ఎర్ర గుర్తు దాటే పోయింది.

"మెల్లగా తట్టు" అన్నాను.

"మెల్లగా తడితే ఇవతలే ఆగుతుంది. చూడు." తట్టింది. గుర్తుకి ఇంకా ఎంతో దూరంలో ఆగింది. "మెల్లగా కొట్టడం కూడా కొట్టడమే. పడనివ్వాలంట. నా చెయ్యికి పడటం రాదు తమ్ముడూ, నొక్కడమే వచ్చు."

"పోనీలే. తాళం ఇచ్చేసి హాయిగా మేకలాగా థర్మామీటర్..."

గరిటె విసిరింది. అది కూడా దాని బరువుకి పడలేదు.

నాలుగో రోజు పొద్దుటికి మంచు మోకాలి లోతు పడింది. పైగా గాలి. చొల్పోన్ తన సంతకంతో గేటు దింపించింది. మధ్యాహ్నానికి గేటు వెనక నలభై లారీలు. నేను బండితో రోడ్డు తోసి వచ్చేసరికి ఎజే వంటగదిలో మిషన్ లేదు. ఆమె కొట్టు గదిలో ఉంది. మూలనున్న గొర్రె ఉన్ని మూట విప్పి నేల మీద పరిచి, రెండు సన్నటి విల్లో చెట్టు బెత్తాలతో దాన్ని దులుపుతోంది. ఉన్నితో పరుపు చేసే ముందు అలా దులిపి విడదీస్తారు.

"ఎజే, పరీక్ష రేపు. పరుపు ఇప్పుడెందుకు?"

"చూడరా. బెత్తాన్ని నొక్కితే ఉన్ని ఉండకడుతుంది. దాని మానాన అది పడి, దాని మానాన అది లేవాలి. ఏడేళ్ల వయసులో మా అమ్మ నేర్పింది ఇది. పరుపు దొర్లించే చెయ్యి వేరు, ఉన్ని దులిపే చెయ్యి వేరు. నాకు రెండూ ఉన్నాయి. నేను మంచు దగ్గరికి తప్పు చెయ్యి తీసుకెళ్లాను, అంతే."

వంద దెబ్బలు ఉన్ని మీద, వెంటనే లేచి బల్ల దగ్గరికెళ్లి ఒక దెబ్బ మిషన్ మీద. మళ్లీ ఉన్ని, మళ్లీ మిషన్. గదంతా ఉన్ని పొగ, నాకు తుమ్ములు. చీకటి పడకముందే ముల్లు ఎర్ర గుర్తు మీద ఆగింది. ఎజే ఇంకో ఇరవైసార్లు తట్టింది. ఇరవైసార్లూ అక్కడే.

ఐదో రోజు పరీక్ష. ముందు మిషన్ మీద మూడు దెబ్బలు. మూడూ గుర్తు మీదే పడ్డాయి. గని వాడు చప్పట్లు కొట్టాడు. చొల్పోన్ పుస్తకంలో ఏదో రాసుకుని, "ఇది సగమే ఎజే" అంది. "మిగతా సగం కొండ మీద. గొయ్యి తవ్వండి, చూడండి, గేటు ఎత్తాలో వద్దో మీరే చెప్పండి. ఇది ఉత్తుత్తి పరీక్ష కాదు, కింద నిజం లారీలున్నాయి. మీరు చెప్పింది తప్పయితే నేను ఆపుతాను. మీ సర్టిఫికెట్ కూడా అక్కడే ఆగుతుంది."

కొండ ఎక్కాలంటే గేటు దగ్గర నుంచే పోవాలి. డ్రైవర్లంతా దిగి నిలబడి ఉన్నారు. నా టీకొట్టు కథ నలభై లారీలకీ చేరింది.

"ఎజే, చెయ్యి ఇంట్లో పెట్టి వెళ్లు!" అన్నాడొకడు.

"ఉల్లిపాయలు మొలకెత్తాయి ఎజే" అన్నాడు కాచ్‌కిన్ బైకే. "వాటికీ ఒక దెబ్బ వెయ్యి, నోరుమూసుకుంటాయి."

ఎజే ఆగి నా వైపు చూసింది. నేను పారల వైపు చూశాను. ఏమీ అనకుండా ఎక్కడం మొదలెట్టింది. అదే చెంపదెబ్బ, నన్నడిగితే. పారలు మోసే వంకతో నేనూ వెనకే నడిచాను.

పెద్ద వాలుకి ఇవతల, అదే దిక్కుకి తిరిగిన చిన్న వాలొకటి ఉంది. అక్కడ నిలబడితే భయం లేదు. ఎజే ఛాతీ లోతు గొయ్యి తవ్వింది, గోడ నున్నగా చెక్కింది, స్తంభం కోసింది. చొల్పోన్ కొంచెం ఎగువన నిలబడి గాలి ఎటు వీస్తోందో చూస్తోంది. అప్పుడు నేను ఎజే చెవి దగ్గరికి వెళ్లాను.

"ఎజే, నీకు మూయాలని ఉంది కదా. ముఖం చూస్తే తెలుస్తోంది. ఒక్కసారికి పాత చెయ్యి వాడు. పన్నెండు వస్తుంది. పన్నెండు వస్తే కాచ్‌కిన్ కాదు, వాడి తాత కూడా నోరెత్తడు."

నిజంగా ఆమె మంచికే చెప్పాను. ఎజే నా వైపు తిరగను కూడా లేదు.

"పన్నెండేళ్లు తెలీక రాశాను. ఇవాళ తెలిసి రాయమంటావా? జరుగు, వెలుతురు అడ్డం."

పార ఆనించింది. మణికట్టుతో పది. ఏం కాలేదు. మోచేత్తో పది. స్తంభం అలాగే ఉంది. కింద గేటు దగ్గర నుంచి హారన్లు వినిపిస్తున్నాయి. భుజంతో ఒకటి. భుజంతో రెండోది. స్తంభం పై ముక్క, గూట్లోంచి సొరుగు లాగినట్టు, నున్నగా ఆమె ఒళ్లోకి జారి వచ్చింది.

"ఇరవై రెండు" అంది. గ్లవ్ తీసి విరిగిన చోట వేలితో రుద్దింది. వేలికి పంచదారలాంటి గింజలు అంటుకున్నాయి. "ముప్ఫై నాలుగు సెంటీమీటర్ల కింద." పక్కనే ఇంకో స్తంభం కోసింది. ఇరవై మూడు. ఇంకోటి. ఇరవై రెండు. మూడూ అలాగే, సొరుగులాగే జారాయి. మూడు అంకెలూ ఉన్నవి ఉన్నట్టు రాసింది.

చొల్పోన్ దిగి వచ్చింది. "పట్టిక ప్రకారం ఇరవై రెండు అంటే గట్టి మంచు ఎజే. ఏమంటారు?"

"మూసే ఉంచాలి."

"ఎందుకు?"

"అంకె గట్టిదే. విరిగిన తీరు మంచిది కాదు. విరగనంతసేపూ విరగలేదు, విరిగితే మొత్తం ఒక్కసారే జారింది. కింద పంచదార పొర ఉంది, దాని మీద ఏదీ అతుక్కోదు. ఇక్కడ ఆ పొర ముప్ఫై నాలుగు సెంటీమీటర్లు మోస్తోంది. గాలి చూడు, ఇక్కడి మంచు తీసుకెళ్లి ఆ పెద్ద వాలు మీద పోస్తోంది. అక్కడ ఇంతకి రెట్టింపు ఉంటుంది. మంచు కూల్చే పేలుడు వాళ్లని పిలిచి దింపించాలి. దిగేదాకా గేటు లేవదు."

"మీది ఎప్పుడూ మూసే చెయ్యి అని కింద అంటున్నారు."

"అననీ. నేను రాసిన అంకె వాళ్ల వైపు ఉంది. సంతకం మాత్రం నాది."

చొల్పోన్ పెన్ను తీసింది. "సర్టిఫికెట్ ఇప్పుడే రాస్తున్నాను" అంది. "రేపు ఆ వాలు దిగినా, దిగకపోయినా."

ఆ మాట నేను చాలా రోజులు ఆలోచించాను. వాలు దిగాక ఇచ్చి ఉంటే, అది కొండ ఇచ్చిన సర్టిఫికెట్ అయ్యేది.

కింద గేటు దగ్గర ఎజే తానే వెళ్లి చెప్పింది. అంకె కూడా దాచకుండా చెప్పింది. "ఇరవై రెండుకీ మూస్తావా!" అని అరిచారు. పట్టిక తెలిసినవాడొకడు ఎప్పుడూ ఉంటాడు కదా. "మూస్తాను" అంది. "చెయ్యి బరువు నిజమే. పన్నెండేళ్లలో కొన్ని రోజులు మిమ్మల్ని ఊరికే ఆపాను, అది నా తప్పు. ఇవాళ ఊరికే ఆపడం లేదు. టీ ఉంది, రొట్టె ఉంది. పదిమంది చొప్పున రండి, బూట్లు బయట విడవండి."

కాచ్‌కిన్ బైకే బూట్లు దులుపుకుని మొదటి పదిమందిలో తనే నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం పేలుడు వాళ్లు వచ్చారు. ఒక్క పేలుడు. పెద్ద వాలు అంచు నుంచి అంచుకి గీత గీసినట్టు తెగింది, తెగి కిందికొచ్చింది. మలుపు దగ్గర రోడ్డు మీద మంచు రెండు లారీల ఎత్తు. దాన్ని తోయడానికి నాకు రాత్రీ పగలూ పట్టింది. ఒక్క చేత్తో తోశాను, రెండో చేత్తో టీ తాగుతూ.

లారీలన్నీ పోయాక చూస్తే కేంద్రం మెట్ల మీద ఒక బస్తా ఉంది. మొలకలొచ్చిన ఉల్లిపాయలు.

ఎజే సర్టిఫికెట్‌ని గోడకి కొట్టలేదు. టీ కెటిల్ కింది ఉత్తర్వు తీసి దాని చోట అది పెట్టింది. ఆ వారమంతా ఏటా దెబ్బల అంకెలు రాసిన పాత పుస్తకాలు పన్నెండూ దించి, ఒక్కోదాని మొదటి పేజీ మీద ఒకే మాట రాసింది: "ఇందులోని దెబ్బలు బరువైన చేతివి. అంకెలు అసలుకంటే తక్కువ. బురుల్." చొల్పోన్ అడగలేదు, ఉత్తర్వులో లేదు. "పేజీ చించేస్తే సరిపోయేదిగా" అన్నాను. "చించితే ఆ రోజులు లేనట్టవుతుందా?" అంది.

ఇదంతా రాసి మొన్న వంటగదిలో ఆమెకి చదివి వినిపించాను. మొదటి వాక్యం నుంచి, చెంపదెబ్బ దగ్గర్నుంచి, గొంతెత్తి చదివాను. ఆమె ఆ బస్తాలో మిగిలిన ఉల్లిపాయలు తరుగుతోంది. అయ్యేదాకా విని, కత్తి తుడిచి, ఇలా అంది:

"నేను తట్టింది జానెడు స్తంభాన్ని. అది ఇరవై రెండో దెబ్బకి విరిగింది. వాలుని దింపింది పేలుడు వాళ్లు. అప్పుడు నేను లోపల కెటిల్ కడుగుతున్నాను."